గురక పెట్టిన రీలు

మొన్న భద్రాచలం బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి పాల్వంచ దాటకముందే నిద్రపోయి గురక మొదలుపెట్టాడు. మామూలు గురకే, ఎవరికైనా వచ్చేదే. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. అక్కడికీ వినపడుతూనే ఉంది. కండక్టరు వచ్చి, "ఏందన్నా, సీటు మంచిగ లేదా?" అన్నాడు. సీటు బాగానే ఉంది. బాగాలేనిది ఒకాయన నాకు చేసిన పని. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా ఫిర్యాదు మాత్రం పోలేదు.

ఆయన పేరు రాయను. అసలు పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు కూడా తక్కువే. పాల్వంచ కరెంటు ప్లాంటులో, కాలనీలో, అందరికీ ఆయన టర్బైన్ సారు. నేనూ ఎదురుగా అలాగే పిలిచేవాణ్ణి. ఇంటికొచ్చాక ఏమనేవాణ్ణో మా ఆవిడకు తెలుసు.

పొట్టి మనిషి. మే నెల ఎండలో కూడా చొక్కా పైగుండీ పెట్టుకునేవాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాంతో ఆయన స్క్రూ తిప్పగా నేనెప్పుడూ చూడలేదు. మొనను యంత్రం మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని వినేవాడు, లోపల బేరింగు బాగుందా, అరిగిందా అని. మా ప్లాంటులో ఇది ఆయనొక్కడి విద్యేమీ కాదు. పాత టర్బైన్ వాళ్ళందరికీ ఆ అలవాటు ఉంది. కాకపోతే మిగతావాళ్ళు డ్యూటీ దిగాక స్క్రూడ్రైవరు లాకర్లో పెట్టి ఇంటికి పోయేవాళ్ళు. ఈయన దాన్ని కాలనీకి తెచ్చేవాడు. మిక్సీలు విన్నాడు, ఫ్యాన్లు విన్నాడు, పక్కవాళ్ళ స్కూటర్లు విన్నాడు. మేము ఫ్రిజ్జు కొన్నప్పుడు పిలవకుండానే వచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో ఫ్రిజ్జు వెనక స్క్రూడ్రైవరు ఆనించి, "దీనికి ఆయాసం ఉందమ్మా" అని చెప్పి, టీ మొత్తం తాగి వెళ్ళిపోయాడు. ఆ ఫ్రిజ్జు ఇవాళ్టికీ నడుస్తోంది. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. ఇప్పుడు రాశాను.

యంత్రాలకు ఆయన పెట్టే జబ్బులు కొన్ని ఉండేవి. దగ్గు అంటే చిన్నది, ఒక చుక్క నూనెతో పోతుంది. ఆయాసం అంటే కొంచెం పెద్దది. పళ్ళు కొరకడం అంటే విప్పి చూడాలి. గురక అంటే ఇక ఆశ లేదు. తీర్పు చెప్పేముందు ఎప్పుడూ "ఖ్హుం" అని ఒకసారి గొంతు సవరించుకునేవాడు. ఆ చప్పుడు వినగానే యజమాని గుండె జారిపోయేది.

ఇంతవరకైతే నేను భరించేవాణ్ణి. కానీ ఆయనకు చేపల పిచ్చి, నాకూ చేపల పిచ్చి.

సెల్‌ఫోన్లు కాలనీలో అప్పుడప్పుడే మోగుతున్న రోజులు. సెలవు దొరికితే కిన్నెరసాని వాగు దిగువ మడుగుల దగ్గరికి పోయేవాళ్ళం. మిగతా అందరిదీ వెదురు కర్ర, గాలం, వానపాము. సారు ఒక్కడికే రీలు ఉండేది, అదీ బెయిట్‌కాస్టింగ్ రీలు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కర్ర కింద వేలాడే రకం రీలు నెమ్మదైనది, ఎవరి చేతిలోనైనా ఒదుగుతుంది. ఇది అలా కాదు. కర్ర పైన కూర్చుంటుంది. లోపల చిన్న డోలు లాంటి చుట్ట, దాని నిండా తంగూసు, అంటే సన్నటి నైలాన్ దారం. ఎర విసిరినప్పుడు చుట్ట తిరుగుతూ దారం వదులుతుంది. బొటనవేలు దాని మీద ఆనీ ఆననట్టు ఉంచాలి. ఒత్తితే ఎర మన కాళ్ళ దగ్గరే పడుతుంది. వదిలేస్తే చుట్ట పిచ్చిగా తిరిగి, దారమంతా లోపలే చిక్కుపడి ముద్దవుతుంది. ఆ ముద్దను సారు, ఆడవాళ్ళు జడలో పెట్టుకునే సవరం అనేవాడు. నేను ఆయన పాత రీలు అడిగి తీసుకొని నేర్చుకుంటున్న రోజుల్లో, అవతలి గట్టు నుంచి అరిచేవాడు.

"తమ్మీ! యాడికన్న పెండ్లికి పోతున్నవా? సవరం మస్తుగున్నది!"

బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు.

ఇంత కష్టం ఎందుకంటే కొర్రమీను కోసం. అది నాచు కింద దాక్కొని ఉంటుంది. నాచు మీదికి రబ్బరు కప్పను విసిరి, కప్పలాగే గెంతిస్తూ లాగాలి. కరిచిందంటే మరుక్షణం నాచులోకి దూరి దారాన్ని చుట్టేసుకుంటుంది. ఊపిరి తీసుకునేలోగా బయటికి గుంజాలి. దానికి గట్టి రీలు కావాలి. నాకూ ఒకటి సొంతంగా కావాలనిపించింది. ఇంకొకటి కూడా కావాలనిపించింది, దాచుకోవడం ఎందుకు. ఆ రీలు చూసి టర్బైన్ సారు "మంచిది పట్టినవ్ తమ్మీ" అనాలి. ఎవరి వస్తువునూ బాగుందని అనని మనిషి నా వస్తువును అనాలి.

సలహా అడిగితే బ్రహ్మాండంగా చెప్పాడు. "డబ్బా చూసి కొనకు. లోపల బేరింగులు గిన్ని ఉన్నయ్, గన్ని ఉన్నయ్ అని రాస్తరు. పది ముక్కుపుడకలు పెట్టుకున్న ముక్కు ఎక్కువ వాసన చూస్తదా? పిడి పట్టుకొని ఊపు. లొడలొడ ఊగితే పెట్టెయ్. బ్రేకు బిగించి దారం చేత్తో గుంజు. కుదుపులు కుదుపులుగ వస్తే పెట్టెయ్. కాగిన నెయ్యి గిన్నెలకెళ్ళి జారినట్టు రావాలె. బరువు చూడు. పొద్దుందాక విసిరేటోనివి నువ్వు, దుకాణపోడు కాదు. ఆఖరికి చెవి పెట్టు."

ఈ మాటల్లో తప్పేమీ లేదు. అదే ఆయనతో ఇబ్బంది. తప్పులేని మాటలు చెప్పే మనిషి మీద ఫిర్యాదు చేస్తే వినేవాడెవడు?

ఇద్దరం కలిసి ఖమ్మం వెళ్ళాం. మిర్చి యార్డుకు పోయే దారిలో వలలు, తాళ్ళు, పరదాలు అమ్మే దుకాణం ఒకటుండేది. అద్దాల బీరువాలో కలకత్తా నుంచి తెప్పించిన రీళ్ళు కొన్ని పెట్టేవాడు. సారు స్టూలు వేయించుకొని కూర్చొని, డబ్బాలన్నీ విప్పించాడు. అది మిర్చి బస్తాలు దిగే కాలం. ఘాటుకు దుకాణంలో నిలబడ్డ ప్రతివాడూ దగ్గుతున్నాడు. ఈయన స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకొని, ఒక రీలు పక్కన పెట్టి, "ఇది దగ్గుతున్నది" అన్నాడు.

"సార్, దగ్గింది నేను," అన్నాడు దుకాణదారు.

"నువ్వు గూడ దగ్గినవ్. ఇది గూడ దగ్గింది."

ఒకటి దగ్గింది, ఒకటి పళ్ళు కొరికింది, ఒకటి బాగానే ఉంది కానీ "మనసు లేకుండ తిరుగుతున్నది". దుకాణదారు తెప్పించిన టీ తాగి, ఉత్తచేతులతో బస్సెక్కాం. ఇంకోసారి వెళ్ళినా అదే కథ. ఆ తర్వాత ఒకసారి మేము వీధి మలుపు తిరుగుతుండగానే దుకాణదారు షట్టరు సగం దించడం నా కళ్ళారా చూశాను.

అందుకని ఒక ఆదివారం ఒక్కణ్ణే వెళ్ళాను.

ఆయన చెప్పినవన్నీ చేశాను. ఊపాను, గుంజాను, బరువు చూశాను. నల్లటి చిన్న రీలు ఒకటి చేతికి అతికినట్టు కూర్చుంది. డబ్బా మీద బాస్ అనే చేప నోరు తెరుచుకొని గాల్లోకి ఎగురుతున్న బొమ్మ ఉంది. ఆ చేప మన వాగుల్లో దొరకదు, అయినా దాన్ని లాగే రీలు కొర్రమీనును లాగదా అనుకున్నాను. బ్రేకు బిగించి దారం లాగితే నిజంగానే నెయ్యి జారినట్టే జారింది. ఆ నెల బోనసు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. కాలనీలో వస్తువులు తారుమారవుతుంటాయని, మా ఆవిడ గోళ్ళరంగు తీసుకొని పక్కరేకు మీద ఎర్రచుక్క పెట్టాను.

మా కాలనీ అంచున ప్లాంటుకు నీళ్ళు తెచ్చే పెద్ద ఇనప పైపు పోతుంది. మనిషి నడుమెత్తున ఉంటుంది. సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళందరూ దాని మీద వరసగా కూర్చొని లోకం సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. నేను రీలు బిగించిన కర్ర పట్టుకొని అక్కడికే వెళ్ళాను. నలుగురి ముందు ఆ మాట అనిపించుకోవాలని.

"కొన్నవా?" అన్నాడు సారు.

"కొన్నాను సారూ."

"ఒక్కనివే పోయినవా?"

"ఒక్కణ్ణే."

సారు కర్ర తీసుకొని రీలు పిడి ఊపాడు. ఊగలేదు. దారం గుంజాడు. ఇంకోసారి గుంజాడు. "ఊఁ" అన్నాడు. ఆ 'ఊఁ' నేను ఇంతకుముందు వినలేదు. తర్వాత రీలును పైపు మీద ఆనించి పట్టుకొని, స్క్రూడ్రైవరు తీసి, చుట్టను బొటనవేలితో తిప్పి వదిలి, కళ్ళు మూసుకున్నాడు. పైపు మీదున్న వాళ్ళందరూ మాటలాపేశారు. కళ్ళు తెరిచాడు. మళ్ళీ తిప్పి మళ్ళీ మూసుకున్నాడు. ఆయన మొహంలో ఏదో బాధ లాంటిది కనిపించింది. అప్పుడు వచ్చింది, "ఖ్హుం."

"గురక పెడుతున్నది తమ్మీ."

పైపు మొత్తం ఘొల్లుమంది.

మర్నాటినుంచి నాకు పేరు పోయి గురక మిగిలింది. గేటు దగ్గర ఒకడు నన్ను చూడగానే గోడకు ఆనుకొని కళ్ళు మూసి గుర్రుమనేవాడు. క్యాంటీన్లో "గురకన్నకు ఒక టీ!" అని కేక. మా బావమరిది కొత్తగూడెం నుంచి వచ్చి, మా ఇల్లెక్కడని అడిగితే, "గురకోళ్ళ క్వార్టరా?" అని దారి చూపించారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు రెండుసార్లు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు రీలు డబ్బాలో పెట్టి ఖమ్మం తీసుకుపోయి దుకాణదారు ముందు పడేశాను. "మార్చి ఇంకోటి ఇవ్వు" అన్నాను. వెండిరంగుది, బరువుది ఒకటి తీశాడు. "ఇది దానికంటే తక్కువది సార్, ఆలోచించుకోండి" అన్నాడు. ఆలోచించుకునే స్థితిలో లేను.

అప్పటినుంచి టర్బైన్ సారు నాకు చేసిన అవమానాలు ఇంకో రకానివి. పైపు మీద కూర్చోవడం మానేశాడు. ఒక్కడే అవతల కల్వర్టు మీద కూర్చునేవాడు. నాతోపాటు కూర్చోవడం ఆయనకు నామోషీ అనుకున్నాను. మిగతా అందరూ గురక అంటున్నా తను మాత్రం అనేవాడు కాదు. తను అంటించిన పేరు తనకే పాతబడిపోయిందా అనుకున్నాను. అన్నిటికంటే పెద్దది తువాల. వాగు దగ్గర నేను కనపడితే చాలు, భుజం మీది తువాల తీసి తన రీలు మీద కప్పేవాడు. పసిపిల్లకు దిష్టి తగులుతుందని కొంగు కప్పినట్టు. నావి అంత చెడ్డ కళ్ళా?

ఒకరోజు అడిగేశాను. "ఏం సారూ, రీలు చూస్తే అరిగిపోతదా?"

"ఏమున్నది చూడనీకి. పాతదే," అని తువాల ఇంకా కిందికి గుంజుకున్నాడు.

ఆ రోజే నా కప్పను కొర్రమీను కరిచింది. మద్దిచెట్ల నీడలో మడుగు నల్లగా ఉంది. నీళ్ళు బాంబు పేలినట్టు లేచాయి. కర్ర సగానికి వంగింది. పిడి తిప్పాను. వెండిరంగు రీలు గర్రుమని అరిచింది, చుట్ట మాత్రం తిరగలేదు. లోపల బ్రేకు పట్టు తప్పింది. చేప నాచులోకి దూరుతోంది. నేను కర్ర ఎత్తి పట్టుకొని అరుస్తున్నాను. ఏమరిచానో తెలియదు. గట్టు మీంచి సారు పరుగెత్తుకొచ్చాడు. పైగుండీతో సహా నడుం లోతు నీళ్ళలో దిగి, నా దారాన్ని ఉత్తచేతులతో పట్టుకొని గుంజడం మొదలుపెట్టాడు. నాచు కదిలింది. చేప తల ఒక్కసారి పైకి తేలింది. చేటంత ఉంది. అంతలో దారం తెగింది.

ఆయన నీళ్ళలోనే నిలబడి, ఆ చోటు చూస్తూ, మెల్లగా అన్నాడు. "గా రీలే ఉంటే ఇది మీ ఇంట్ల పులుసు అయితుండె."

"ఏ రీలు? గురక పెట్టేదా?" అన్నాను. ఎత్తిపొడుపుకు ఎత్తిపొడుపు.

ఆయన గట్టెక్కాడు. తంగూసు కోసి అరచేతి నిండా రక్తం. ముందు చెయ్యి కడుక్కుంటాడేమో అనుకున్నాను. కాదు. పరుగులో జారిపోయిన తువాలను తీసి తన రీలు మీద సర్దాడు. ఆ తర్వాత చెయ్యి చూసుకున్నాడు. చేప పోయిన బాధలో కూడా నేను అది గమనించాను. మరచిపోలేదు.

రిటైరయ్యాక ఆయన భద్రాచలంలో చిన్న ఇల్లు కట్టుకొని వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకు కబురొచ్చింది. దినాలకు వెళ్ళాను. వెళ్ళకపోతే, బతికుండగా పడలేదు కాబట్టి రాలేదంటారు. అలాంటి మాట పడడం నాకిష్టం లేదు.

భోజనాలయ్యాక వాళ్ళావిడ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. మూలన గోడకు ఆనించి ఆయన కర్ర ఉంది. రీలు మీద అదే తువాల. పోయాక కూడానా అనుకున్నాను.

"ఇది నీకియ్యమని చెప్పిండయ్యా," అని ఆవిడ తువాల తీసింది.

నల్లటి చిన్న రీలు. పక్కరేకు మీద ఎర్రచుక్క. సగం రాలిపోయింది కానీ ఉంది.

గోరుతో ఆ చుక్కను గీకి చూశాను. మా ఆవిడ గోళ్ళరంగే.

"వదినమ్మా, ఇది నాది," అన్నాను.

"అవ్, నీదే. నువ్వు ఖమ్మంల ఇచ్చేసి వచ్చినంక మీ సారు ఏదో తాడు కొననీకి గా దుకాణానికి పోయిండు. అక్కడ ఇది కనపడ్డది. ఊకుంటడా మనిషి, మల్ల చెవి పెట్టిండు. గురక లేదు, గిరక లేదు, మెత్తగ తిరుగుతున్నదట. కొనుక్కొని ఇంటికొచ్చి అన్నం గూడ తినలే. సక్కగ వంటింట్లకు వచ్చి నా చపాతీ కర్ర పట్టుకపోయిండు."

"చపాతీ కర్రెందుకు?"

"గా పైపు మీద ఆనించి, స్క్రూడ్రైవరు పెట్టి వినెతందుకు. చపాతీ కర్ర గూడ గురక పెట్టిందట."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. పంపులు రాత్రింబవళ్ళు నీళ్ళు తోస్తుంటే ఆ పైపు సన్నగా అదురుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి కూర్చున్న మా ఎవరికీ అది తెలిసేది కాదు. ప్లాంటు మోతలో బతికేవాళ్ళకు ఆ మోతే నిశ్శబ్దం. ఆ పైపు మీద ఏది పెట్టినా గురకే. టీ గ్లాసు పెట్టినా గురకే. నన్ను చూసి నవ్విన ప్రతివాడూ ఆ గురక మీదే కూర్చొని నవ్వాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. బయట ఇస్తరాకులు ఎత్తుతున్నవాళ్ళు తొంగిచూశారు.

"చెప్దామనే అనుకునేటోడు. రోజు అనుకునేటోడు. చెప్తే నువ్వు కాలనీ మొత్తం చెప్పుకుంట తిరుగుతవని."

తిరిగేవాణ్ణే. క్వార్టరు క్వార్టరుకూ వెళ్ళి, చపాతీ కర్ర వెంటబెట్టుకొని మరీ తిరిగేవాణ్ణి.

"మంచి రీలు అన్నాడా?" అని అడిగాను. అడక్కూడదనుకున్నాను, అడిగాను.

"ఆఁ! దీనసొంటి రీలు తన జన్మల చూడలేదన్నడు. 'వానికి మంచిది పట్టే కన్నున్నది, ఎవడో ఒకడు ఒక మాటంటే నిలబడే దమ్ము లేదు' అన్నడు."

చూశారా? నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట వచ్చింది, దాని తోకకు ఇంకో అవమానం కట్టి వచ్చింది. ఆ ఎవడో ఒకడు ఎవడు? ఆయనే. మాటన్నదీ ఆయనే, నిలబడలేదన్నదీ ఆయనే. దీనికి నా దగ్గర మంచి జవాబు ఉంది. బస్సులో వస్తూ దారిపొడుగునా తయారుచేసుకున్నాను. చెప్పడానికి మనిషి లేడు.

రీలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. మొదటిసారి వాగుకు తీసుకెళ్ళినప్పుడు, పైపుకూ పంపులకూ దూరంగా, మద్దిచెట్ల కింద రాతి మీద కూర్చొని, చుట్ట తిప్పి చెవికి పెట్టుకున్నాను. ఆయన మంచాన పడ్డాక ఎవరూ వాడినట్టు లేదు. చివర ఆగేముందు లోపల ఎక్కడో చిన్నగా ఒక చప్పుడు. గురక కాదు. ఆయన లెక్కలో దగ్గు.

ఒక్క చుక్క నూనెతో పోతుంది. నూనె డబ్బా నా సంచిలోనే ఉంటుంది. వెయ్యలేదు, వెయ్యను. నా దగ్గరున్నన్నాళ్ళు ఆ రీలుకు ఏ లోపమూ లేదు. ఆయన దగ్గరికి పోయాకే వచ్చింది. ఎవరైనా అడిగితే చూపించడానికి రుజువు ఉండాలి కదా.

కప్పను విసిరి దారం లాగినప్పుడల్లా, ఆగేముందు, అది "ఖ్హుం" అంటుంది. నేను కర్ర పట్టుకొని కాసేపు ఆగుతాను. ఇంకేమీ అనదు. మళ్ళీ విసురుతాను.